చెవి బిళ్ల లేని నూట నలభై మూడు

కువైట్ సర్కారు దృష్టిలో గొర్రె అంటే నాలుగు కాళ్లు, రెండు చెవులు, ఆ చెవుల్లో ఒకదానికి పసుపుపచ్చ ప్లాస్టిక్ బిళ్ల. బిళ్ల మీద అయిదంకెల నంబరు. బిళ్ల ఉంటే అది చట్టప్రకారం దేశంలోకి వచ్చిన ప్రాణి. బిళ్ల లేకపోతే అది ఎంత ముద్దుగా "మే" అన్నా నేరమే. ఈ సంగతి ఉద్యోగంలో చేరిన మొదటి వారమే నాకు చెప్పారు. పందొమ్మిదేళ్లు బుద్ధిగా గుర్తుంచుకున్నాను. ఇరవయ్యో ఏడు ఏం చేశానో చెప్తాను. ఫైళ్లు చంకన పెట్టుకుని ఆఫీసుల చుట్టూ కొత్తగా తిరుగుతున్న పిల్లలూ, మీకోసమే రాస్తున్నాను. నవ్వడానికి మొహమాటపడకండి. రిటైరై ఇంట్లో కూర్చున్నా ఇది తలుచుకున్నప్పుడల్లా నేను ఒక్కణ్ణే నవ్వుకుంటుంటే, మా ఇంటావిడ వచ్చి నా నుదురు పట్టుకుని చూసి పోతోంది.

నేను మందూబ్‌ని. కంపెనీ తరఫున సర్కారు కౌంటర్ల దగ్గర నిలబడి, బతిమాలి, ముద్రలు వేయించుకొచ్చే ఉద్యోగం. మాది రాయచోటి. మా కంపెనీ ఓడల మీద గొర్రెలు తెప్పించి అమ్మేది. ఆఫీసు షర్క్‌లో ఎనిమిదో అంతస్తు, కిటికీలోంచి సముద్రం కనిపించేది. గొర్రెల దొడ్డి సులైబియాలో. కారులో అరగంట. అన్నేళ్లలో నేను ఆ దొడ్డికి వెళ్లింది అయిదారు సార్లు మించదు, అది కూడా కారు అద్దం దించకుండా. నాకు అత్తరు ఇష్టం, తెల్లచొక్కా ఇష్టం. దొడ్డి వాసన పడేది కాదు.

కోటా సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను, కథకు అంతకన్నా అక్కర్లేదు. ఆ దేశంలో తినే మాంసంలో చాలా భాగం బయటినుంచి రావాల్సిందే. అందుకని ఏ కంపెనీ ఎన్ని తలలు తేవాలో సర్కారే పర్మిట్ ఇస్తుంది. తెచ్చినవన్నీ ఒక్కసారి అమ్మేసుకోనివ్వదు. బక్రీదు ముందు కరువు రాకుండా, ధర ఎగబాకకుండా, మందలో కొంత భాగం పండగ దాకా దొడ్డిలోనే ఉంచమంటుంది. ప్రతి గురువారం దొడ్డిలో ఎన్ని ఉన్నాయో కంప్యూటర్లో ఎక్కించాలి. ఆ అంకె సరిగ్గా ఉంటే పండగ ఓడకు పర్మిట్. అంకెకు మించి ఒక్క తల కనిపించినా దొంగసరుకు తెచ్చినట్టే. పర్మిట్ పోతుంది, లెక్క కింద సంతకం చేసినవాడు కూడా పోతాడు. సంతకం నాది.

ఆ ఏడు విదేశాల్లో పొట్టేళ్లు దొరకలేదు. ఆడగొర్రెల్ని కూడా తెచ్చుకోవచ్చని సర్కారు వెసులుబాటు ఇచ్చింది. చలికాలం మొదట్లో మా ఓడ వచ్చింది. ఎక్కిన గొర్రెల్లో ఒక్కదానికీ కడుపు లేదని అక్కడి డాక్టరు రాసి, కింద సీలు కూడా వేశాడు. ఆ సీలు ఎంత అందంగా ఉందో నాకిప్పటికీ గుర్తు. బుద్ధిమంతుడు ఏ గొర్రె కడుపు పట్టుకుని చూశాడో మాత్రం దేవుడికే తెలియాలి.

దొడ్డిలో మంద చూసుకునే పెద్దాయన మా అన్నమయ్య జిల్లా వాడే. నాకన్నా ఏడెనిమిదేళ్లు పెద్ద. మేము మామా అల్లుళ్ల వరసలో పిలుచుకునేవాళ్లం. నాకు అరబీ అంతా కాగితాల మీద వచ్చు, ఆయనకు అయిదు మాటలే వచ్చు. గొర్రెలకు మాత్రం ఆయన మాటే అర్థమయ్యేది. ప్రతి బుధవారం సాయంత్రం ఫోన్ చేసేవాణ్ణి.

"మామా, ఎన్నుండాయి?"

"ఆర్నూటా నలభై, అబ్బీ."

"సరే మామా."

ఖలాస్. గురువారం పొద్దున ఆ అంకె ఎక్కించి టీ తాగేవాణ్ణి. మధ్యలో ఆయన వాట్సాప్‌లో వాయిస్ మెసేజీలు పంపేవాడు. ఒక్కోటి నాలుగు నిమిషాలు. వెనక గాలి, గొర్రెల అరుపులు, ఆయన దగ్గు. నేను మొదటి అయిదు సెకన్లు విని, ఒక బొటనవేలు బొమ్మ పంపేసేవాణ్ణి. ఫొటోలు వస్తే రెండు బొటనవేళ్లు. అలా రెండు నెలల్లో ఎన్ని బొటనవేళ్లు పంపానో, ఆ తర్వాత కూర్చుని లెక్కపెట్టుకోవాల్సి వచ్చింది.

బక్రీదుకు మూడు వారాలుందనగా, ఒక ఆదివారం చెప్పాపెట్టకుండా పశువుల శాఖ ఇన్‌స్పెక్టరు సులైబియా దొడ్డికి వెళ్లాడు. పెద్ద వయసు కువైటీ. ఆయన నవ్వగా చూసినవాళ్లు ఆ శాఖలోనే లేరు. ఏది రాయాలన్నా పెన్ను మూత తీసి, రాసి, మళ్లీ మూత పెట్టి జేబులో పెట్టుకునేవాడు. వంద సార్లు రాస్తే వంద సార్లూ అంతే. మా కాగితం మీద ఆర్నూట నలభై. ఆయన లెక్కపెడితే ఏడు వందల ఎనభై మూడు. ఎక్కువ వచ్చిన నూట నలభై మూడింటికీ చెవి బిళ్లలు లేవు.

మా కఫీల్, అంటే మాకు వీసాలిచ్చిన కువైటీ యజమాని, నన్ను పిలిచాడు. ఆయన కోపంగా ఉంటే గొంతు పెంచడు, టీ తెప్పిస్తాడు. ఆ రోజు నాకు రెండు టీలు వచ్చాయి.

"పండగ ఓడ అవతలి రేవులో నిలబడి ఉంది," అన్నాడు. "పర్మిట్ రాకపోతే ఆ ఓడ ఇంకొకడిదవుతుంది. నువ్వూ, ఆ గొర్రెల మనిషీ ఒకే విమానంలో కూర్చుంటారు. ఇద్దరి వేలిముద్రలూ తీసుకుంటారు, మళ్లీ ఈ దేశం గడప తొక్కలేరు. గురువారం దాకా టైముంది."

బయటికొచ్చేసరికి నా ఎదురు బల్ల మలయాళీ అకౌంటెంటుకు వార్త చేరిపోయింది. ఇరవయ్యేళ్ల స్నేహం మాది. కళ్లనిండా నీళ్లు పెట్టుకున్నాడు. ఆ తర్వాత కళ్లు తుడుచుకుని, కిటికీ పక్కనున్న నా కుర్చీ తనకు ఇప్పించి పొమ్మన్నాడు.

నాకు భయం వేసింది, దాచుకోవడం ఎందుకు. అంతకన్నా ఎక్కువగా కోపం వచ్చింది. మామ నన్ను ముంచేశాడనుకున్నాను. ఎవడితోనో చేతులు కలిపి, దొంగ గొర్రెల్ని మందలో కలిపాడనుకున్నాను. ఆ కోపంలో తెల్లచొక్కాతోనే సులైబియా వెళ్లాను. అద్దం దించాను. కారు దిగాను కూడా.

దిగీదిగగానే ఒక గొర్రెపిల్ల వచ్చి నా బూటు లేసు నోట్లో పెట్టుకుంది.

దానివెనక ఇంకొకటి. దానివెనక ఇంకో ఆరు. రేకుల షెడ్డు నీడలో ఎక్కడ చూసినా పిల్లలే. నాలుగు కాళ్లూ ఒక్కసారే గాల్లోకి లేపి ఎగురుతున్నాయి. పడుకున్న తల్లుల వీపులెక్కి దూకుతున్నాయి. ఒకటి నీళ్ల తొట్టిలో దిగి, ఎలా దిగిందో మరిచిపోయి గోల పెడుతోంది. తిడదామని నోరు తెరిచినవాణ్ణి ముందు దాన్ని తొట్టిలోంచి ఎత్తి బయట పెట్టాను.

మామ నవ్వుకుంటూ వచ్చాడు.

"వస్తివా అబ్బీ. ఇన్నాళ్లకు తెరిపి దొరికిందా సూసేదానికి?"

"ఏంది మామా ఇవన్నీ?"

"ఏందంటే ఏం చెప్పేది, పిల్లలు. ఈనినాయి గదా. రోజూ చెప్తానే ఉండా నీకు. ఈ పొద్దు ఇద్దరు, ఈ పొద్దు నలుగురు అని. నువ్వు ఏలు చూపిస్తాండావు, సరే, సంతోషపడినాడులే అనుకున్యా."

"మరి నాకు లెక్క చెప్పేటప్పుడు ఆర్నూట నలభై అంటివే."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. చిన్నపిల్లాడు అడగాల్సిన ప్రశ్న పెద్దవాడు అడిగినట్టు చూశాడు.

"పాలు మరిసేదాకా పిల్లకు లెక్క యాడిదబ్బీ? తల్లితో కలిపి ఒకటే గదా. నువ్వు పుట్టింది రాయచోటిలోనేనా?"

 మా వైపు మంద కాసేవాళ్లంతా అంతే. సంతలో అడిగినా, పొలంలో ఎరువు కోసం మందను పడుకోబెట్టినా, పాలు తాగే పిల్లను విడిగా లెక్కపెట్టరు. ఎన్ని గొర్రెలని అడిగితే తల్లుల లెక్కే చెప్తారు. ఇది నాకు తెలియదా? మా పెదనాన్న ఇంటి వెనక ఇరవై గొర్రెలుండేవి, వాటి పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని పెరిగాను. ఆయన మా ఊరి లెక్క చెప్పాడు, నేను అది సర్కారు లెక్క అనుకుని ఎక్కించాను. ఇద్దరిలో ఒక్కడు వేరే ఊరివాడైనా, మధ్యలో ఒక్క ప్రశ్న పడేది, తప్పు దొరికిపోయేది. ఇద్దరం ఒకచోటివాళ్లమే అయ్యేసరికి ఎవరికీ అనుమానం రాలేదు.

నా మీద నాకు కోపం ఎంత, సిగ్గు ఎంత అని ఆ ఎండలో నిలబడి తేల్చుకోలేకపోయాను. మామ మాత్రం మామూలుగానే ఉన్నాడు. విమానం సంగతి చెప్తే, తొట్టిలోంచి తీసిన పిల్లను దగ్గరికి లాక్కుని తడి తుడిచాడు.

"నేను పోతే ఈటి పాలెవరు సూస్తారు?" అన్నాడు. అంతే. నన్నొక్క మాట అనలేదు. నాలుగు తిట్టుంటే బాగుండేదనిపించింది.

మర్నాడు ఇన్‌స్పెక్టరు బల్ల ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను. పిల్లలు ఇక్కడే పుట్టాయన్నాను. ఆయన ఓడ డాక్టరు కాగితం తీసి నా ముందు పెట్టాడు. అదే అందమైన సీలు.

"ఒక్కదానికీ కడుపు లేదు. నువ్వే దాఖలు చేశావు."

వాయిస్ మెసేజీలు వినిపించబోయాను. తెలుగు, దగ్గు, గాలి. రెండు నిమిషాలు ఓపిగ్గా విని, ఇది కాగితం కాదన్నాడు. ల్యాబులో రక్తపరీక్ష చేయించి తల్లీబిడ్డల్ని కలపొచ్చు గానీ రిపోర్టు వచ్చేసరికి బక్రీదు వెళ్లిపోతుంది. ఆఖరికి సొరుగులోంచి ఒక ఫారం తీశాడు. దేశంలోనే పుట్టిన పశువుల నమోదు ఫారం. ఒక గడిలో పిల్ల, పక్క గడిలో తల్లి బిళ్ల నంబరు.

"నూట నలభై మూడు వరుసలు నింపు. నా కళ్ల ముందు నింపు. ఒక్క గడి ఖాళీగా ఉన్నా మిగతావి చెల్లవు."

ఏ పిల్లకు ఏది తల్లో నేనెలా చెప్తాను? నా కంటికి అన్నీ ఒకటే ముఖం. మామకు ఫోన్ చేసి ఏడుపు గొంతుతో చెప్తే, ఆయన తేలిగ్గా తీసేశాడు.

"దానికేంది? పొద్దన్నే ఇడదీసి పెడదాం. సాయంత్రం ఇడిస్తే అవే చెప్తాయి."

బుధవారం సాయంత్రం ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కఫీల్ కూడా ఇస్త్రీ చేసిన పొడుగు తెల్లంగీ దిష్‌దాషాలో వచ్చి, దుమ్ము తగలకుండా దూరంగా నిలబడ్డాడు. రాసిపెట్టడానికి అకౌంటెంటును లాక్కొచ్చాను. పొద్దుటినుంచి తల్లులు ఒక దొడ్డిలో, పిల్లలు ఇంకో దొడ్డిలో. పొదుగులు బిగిసి తల్లులు, ఆకలి వేసి పిల్లలు, రెండు వైపులా ఒకటే గోల. మాటలు వినపడక మేమందరం చేతులతో మాట్లాడుకుంటున్నాం.

పిల్లల్ని పదేసి చొప్పున వదలాలని అనుకున్నాం. మామ మొదటి పదిని వదిలాడు.

చదువుతున్న పిల్లలూ, నేను కువైట్‌లో పెద్ద పెద్ద పెళ్లిళ్లు చూశాను, జాతీయ దినోత్సవాలు చూశాను. అంత సంబరం ఎక్కడా చూడలేదు. పది పిల్లలు పది దిక్కులకు పరిగెత్తాయి. ప్రతి తల్లీ వచ్చిన పిల్ల తోక కింద వాసన చూడడం, తనది కాకపోతే తలతో ఒక్క కుమ్ము కుమ్మడం. తనదైతే కదలకుండా నిలబడిపోవడం. పిల్ల మోకాళ్ల మీద కూలబడి పొదుగును పొడుస్తూ తాగుతుంటే దాని తోక అలా ఆడుతూనే ఉంది. నేను గొర్రెల మధ్య పరిగెత్తి, వంగి, చెవి పట్టుకుని నంబరు చదివి అరవాలి. అకౌంటెంటు రాసుకోవాలి. మూడో పదికి నా తెల్లచొక్కా తెల్లగా లేదు. అయిదో పదికి బూటు ఒకటే మిగిలింది. అకౌంటెంటు నవ్వాపుకోలేక నంబరు తప్పు రాస్తే, ఇన్‌స్పెక్టరు వెనకనుంచి వచ్చి కొట్టేయించి సరిగ్గా రాయించాడు.

ఆయన మామూలువాడు కాదు. పాలు తాగుతున్న పిల్లను చేత్తో ఎత్తి, ఇరవై అడుగుల దూరంలో వేరే తల్లి దగ్గర దించేవాడు. అది తలతో పొడిపించుకుని, మళ్లీ తన తల్లి దగ్గరికే పరిగెత్తేది. అప్పుడు పెన్ను మూత తీసి వరుస పక్కన గీత పెట్టేవాడు. ఒక దొంగ పిల్ల మాత్రం వెనకనుంచి దూరి వేరేదాని పాలు తాగేస్తోంది. నేను ఆ నంబరు అరిచేశాను. మామ అడ్డుపడ్డాడు.

"కాదబ్బీ, దాని నోరు ఎనకనుంచి వచ్చింది సూడు. తల్లి సూడకుండా తాగతాండాది. ఆగు, ఇప్పుడు తంతాది."

తన్నింది. ఇన్‌స్పెక్టరు మామ వైపు చూశాడు. మొదటిసారి ఆయన్ని మనిషిగా చూసినట్టు చూశాడు.

కవలలున్న తల్లులు, కవలల్లో ఒకటి తాగుతుంటే దాన్ని నెట్టేసే రెండోది, అలా తొంభై దాటాం, నూట ఇరవై దాటాం. ఏదో ఒక గుంపులో నాలుగు పిల్లలు దారి తప్పి కఫీల్ వైపు దౌడు తీశాయి. ఆయన వెనక్కి అడుగులు వేసి, వేసి, గడ్డిమోపు మీద కూర్చుండిపోయాడు. ఒకటి ఆయన దిష్‌దాషా అంచు నములుతోంది. కోపమొస్తుందని నేను బిగుసుకుపోయాను. పొట్ట పట్టుకుని నవ్వాడా మనిషి. యల్లా, యల్లా, ఇంకో పది వదలండి అని చేతులూపాడు. ఎనిమిదో అంతస్తులో ఇరవయ్యేళ్లు కూర్చున్నాం, మేమిద్దరం కలిసి నవ్వింది అదే మొదలు.

నూట నలభై రెండు అయ్యాయి. వాటన్నిటికీ కువైట్‌లో పుట్టినట్టు కాగితం వచ్చేసినట్టే, మాకెవరికీ రాని అదృష్టం అది. ఇక మిగిలింది ఒక్కటి.

అది నల్లముఖం పిల్ల. మామ దాన్ని వదిలాడు. అది కదలలేదు.

ఈనిన రోజే దాని తల్లి చచ్చిపోయిందట, ఇది సీసాపాల మీద బతికింది. మున్సిపాలిటీ బండివాళ్లు చెవి బిళ్లతో సహా ఎత్తుకుపోయారు. ఒక గొర్రె చచ్చినట్టు రిజిస్టరులో ఉంది, దాని నంబరు ఏమిటన్నది ఎక్కడా లేదు. ఆ వివరం కూడా మామ వాయిస్ మెసేజీలో చెప్పాడు. నేను బొటనవేలు పంపాను.

ఇన్‌స్పెక్టరుకు ఇదంతా చెప్పాను. ఆయన నమ్మాడనే అనుకుంటాను. అయినా పెన్నుతో ఖాళీ గడిని చూపించాడు.

"ఇక్కడ ఒక నంబరు ఉండాలి. లేకపోతే మొత్తం ఫారం చెల్లదు. నేను ముందే చెప్పాను."

నవ్వులన్నీ ఆగిపోయాయి. గొర్రెలు కూడా పాలిచ్చే పనిలో పడి నిశ్శబ్దంగా ఉన్నాయి. నూట నలభై రెండు వరుసలు నిండిన కాగితం అకౌంటెంటు చేతిలో ఉంది. రేపు గురువారం. ఈ ఒక్క గడి కోసం ఓడ పోతుంది, మామ పోతాడు, నేను పోతాను. కఫీల్ గడ్డిమోపు మీదినుంచి లేచి దుమ్ము దులుపుకున్నాడు.

"ఏమంటాండాడబ్బీ?" అన్నాడు మామ.

"తల్లి నంబరు కావాలంట మామా. లేకుంటే ఇదంతా వృథా అంట."

మామ నల్లముఖం పిల్ల వైపు చూశాడు. చొక్కా జేబులో చెయ్యిపెట్టి, రబ్బరుబ్యాండు చుట్టిన ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులోంచి తన సివిల్ ఐడీ కార్డు తీసి, లుంగీకి తుడిచి, ఇన్‌స్పెక్టరుకు చాపాడు.

"నా నంబరు ఉండాది గదా. ఇది రాసుకోమను."

 ఈ మాటను అరబీలోకి మార్చి ఆయనతో ఎలా చెప్పను? ఎగతాళి చేస్తున్నామనుకుంటే అక్కడికక్కడే దొడ్డికి సీలు వేసి వెళ్లిపోతాడు. కానీ ఆయన నన్ను అర్థం అడగలేదు. కార్డు వైపు చూశాడు, మామ వైపు చూశాడు. వంగి ఆ నల్లముఖం పిల్లను రెండు చేతులతో ఎత్తుకున్నాడు. మిగతావాటికి ఇరవై అడుగులే. దీన్ని దొడ్డి ఆ చివరిదాకా మోసుకెళ్లాడు. పాలిచ్చే తల్లులన్నీ మధ్యలో ఉన్నాయి. అక్కడ దించి, పక్కకు తప్పుకున్నాడు.

పిల్ల ఒక్క క్షణం నిలబడింది. తర్వాత పరుగు మొదలుపెట్టింది. ఒక తల్లి కాళ్ల కిందినుంచి దూరింది. ఇంకొకటి కుమ్మితే దొర్లి లేచింది. నిండు పొదుగులు ముఖానికి తగులుతున్నా ఎక్కడా ఆగలేదు. నేరుగా మామ దగ్గరికి వచ్చి, ఆయన బొటనవేలు నోట్లో పెట్టుకుని, మోకాళ్ల మీద కూలబడి తోక ఆడించింది.

ఇన్‌స్పెక్టరు నింపాదిగా నడిచొచ్చాడు. అకౌంటెంటు చేతిలోంచి ఫారం తీసుకున్నాడు. పెన్ను మూత తీశాడు. మామ కార్డు కళ్లకు దగ్గరగా పెట్టుకుని, ఒక్కో అంకే చూసి రాసుకున్నాడు. మూత పెట్టి పెన్ను జేబులో వేసుకుని, కార్డు మామకు రెండు చేతులతో తిరిగి ఇచ్చాడు.

గురువారం పర్మిట్ వచ్చింది, శుక్రవారం ఓడ కదిలింది. ఆ ఫారం నకలు ఒకటి నా దగ్గరుంది. నూట నలభై రెండు వరుసల్లో తల్లి నంబర్లు అయిదేసి అంకెలు. ఆఖరి వరుసలో పన్నెండు అంకెలు, గడి చాలక పక్క అంచుమీదికి వెళ్లాయి. వాటి మీదనే గుండ్రంగా సర్కారు ముద్ర.